వీరన్న కాక రఫ్ డిస్కులు

వీరన్న కాక దుకాణం బోర్డు మీద ఇప్పటికీ ‘రేవణసిద్ధ వీడియో’ అనే ఉంది. లోపల వీడియో ఏమీ లేదు. ఒక జిరాక్సు మెషిను, ఒక ప్రింటరు, పాస్‌పోర్టు ఫొటోలకు గోడకు కట్టిన నీలం గుడ్డ. జహీరాబాద్ పాత బస్టాండు వెనక సందులో ఉంటుంది మా దుకాణం. ముంబై రోడ్డు మీద చెరుకు లారీ పోయిందంటే అద్దం తలుపు గలగలమంటుంది.

ఇంటర్ మధ్యలో చదువు ఆగిపోయాక అమ్మ నన్ను ఇక్కడ పనిలో పెట్టింది. కాక మాకు దూరపు చుట్టం. గిరాకీలతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదని మొదటిరోజే కనిపెట్టాడు. నా కుర్చీని కంప్యూటరు వెనకకు జరిపి, “నువ్వు తెర జూస్కో బిడ్డా, మనుషుల్ని నేను జూస్కుంట” అన్నాడు. అప్పటినుంచి నేను అక్కడే కూర్చుని చూస్తుంటాను. తెర కంటే ఎక్కువ ఆయన్నే చూశాననిపిస్తుంది.

పోయిన పెండ్లిళ్ల కాలంలో ఒక పొద్దున న్యాల్‌కల్ బస్సు దిగి మహాదేవమ్మ వచ్చింది. వెంట మనుమరాలు శ్రుతి. మహాదేవమ్మ గడప దగ్గరే ఆగి బోర్డును పైకీ కిందికీ చూసింది.

“ఏం వీరన్నా, ఉన్నవా? బోర్డు జూస్తె నీకంటె ముందు అదే పడిపోయేటట్టున్నది.”

“నువ్వుండంగ నాకేం ఫికరక్కా. నా నంబరు నీ ఎనకనే గద.”

“నీ నోట్ల మన్నువడ!” అని నవ్వుతూ లోపలికొచ్చి, నేను లేచేలోపే నా పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

వచ్చిన పని శ్రుతి చెప్పింది. వచ్చే వారం తన పెళ్లి. మా వైపు, కర్ణాటక అంచు ఇళ్లలో, పెళ్లి విందు రోజు పెళ్లికొడుకు తల్లిని ఎదురుగా కూర్చోబెట్టి పెళ్లికూతురు వైపు ఆడవాళ్లు పాటలో ఆటపట్టిస్తారు. ఆమెను బీగిత్తి అంటారు. కన్నడంలో వియ్యపురాలన్నమాట. మహాదేవమ్మ తల్లి కట్టిన పాట ఒకటుంది, సగం తెలుగు, సగం కన్నడం. మహాదేవమ్మ తన చిన్నకూతురు సుష్మ పెళ్లిలో దాన్ని పాడింది. ఇప్పుడు మనుమరాలి పెళ్లిలో పాడాలి. కానీ మొదటి రెండు మాటలు దాటితే గుర్తు రావడం లేదు. రాగం వస్తుంది, మాట రాదు. పక్కన నిలబడి గొంతు కలిపిన వాళ్లెవరూ ఇప్పుడు లేరు.

“ఇంకొక పాట పాడొచ్చు గదక్కా” అన్నాడు కాక.

“సుష్మ వాళ్లత్తగారు ఊకుంటదా? బీదర్ నుంచి రోజుకో ఫోను. నన్ను నలుగుర్ల గన్ని మాటలన్నవు, ఇప్పుడొచ్చే బీగిత్తిని గవ్వే మాటలు అనకుంటె విస్తరి ముందట్నుంచి లేచిపోత అంటున్నది. అప్పుడు ఆమె అలిగి మూడు నెల్లు మాట్లాడకపాయె. ఇప్పుడు ఆమెకే గావాలె ఆ పాట!” మహాదేవమ్మ నవ్వింది కానీ, ఆ నవ్వు నిలవలేదు. “మా అవ్వ పాట తమ్మీ. నాతోనే పోతదేమో అనిపిస్తున్నది. నువ్వు అప్పుడు వీడియో తీస్తివి గద. ఇంట్లున్న సీడీ మొత్తం జూసినం. పాట ఉండాల్సిన జాగల బూందీ వడ్డించుడున్నది.”

“ఎట్లుంటదక్కా? తీసెయ్యమన్నది మీరే. మీ ఆయన గీడనే, నువ్వు కూసున్న స్టూలు మీదనే కూసోని, పాట అయ్యేదాంక కోయించిండు. బీగిత్తి అలిగిందని.”

“ఆయన కొయ్యమంటె కోస్తవా?”

“కొయ్యకుంటె మీ సుష్మ కాపురం నా మెడకు జుట్టుకుంటుండె!”

అన్నాడు కాక. లేచి అటక మీదున్న అట్టపెట్టె వైపు చూశాడు. “రఫ్‌ల ఉండాలె, తుడవకపోయి ఉంటె” అన్నాడు మెల్లగా.

రఫ్ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. నేను చిన్నప్పుడు మా మేనత్త పెళ్లికి ఒకసారి చూశాను. పెళ్లయిన పదిహేను రోజులకు కాక ఒక డిస్కు పట్టుకుని ఇంటికొచ్చేవాడు. అది అసలు డిస్కు కాదు. తీసిందంతా వరసగా ఎక్కించిన రఫ్ డిస్కు. టీవీని అరుగు మీదికి లాగేవారు. వాడకట్టంతా చేరేది. సోఫా ఉన్నా అందరూ చాపల మీదే. “మా పెద్దమ్మను గింతనే జూపిస్తివి, ఆమె ఏం దెచ్చి పెట్టలేదా?” “ఆ తాగినోన్ని తీసెయ్, పిల్ల అత్తోళ్లు జూస్తరు.” “ఈ చీర మంచిగొచ్చింది, జర ఎక్కువసేపు పెట్టు.” కాక గోడకానుకుని చాయ్ తాగుతూ అన్నింటికీ తలూపేవాడు. ఏదీ రాసుకునేవాడు కాదు. దుకాణానికొచ్చి అన్నీ సరిచేసి, ఒక్కసారే రాయగలిగే డిస్కులో అసలుది ఎక్కించి ఇచ్చేవాడు. రఫ్ డిస్కు వెనక్కి వచ్చేది. దాన్ని మొత్తం తుడిచి ఇంకో ఇంటి పెళ్లి ఎక్కించేవాడు. ఒకే డిస్కు న్యాల్‌కల్‌లో లగ్గమై, మొగుడంపల్లిలో పుట్టువెంట్రుకలై, ఇంకో ఊళ్లో గృహప్రవేశమై తిరిగేది. కెమెరా టేపులూ అంతే, ఒక పెళ్లి మీద ఇంకో పెళ్లి. ఆ రోజుల్లో అందరూ అలాగే చేసేవారు.

పెన్‌డ్రైవులొచ్చాక రఫ్ డిస్కులు మూలపడ్డాయి. చివరగా ఏ ఇంటి నుంచి ఏది వెనక్కొచ్చిందో, ఏది తుడిచాడో, ఏది తుడవలేదో కాకకు గుర్తులేదు. వాటి మీద పేర్లుండవు. రేపు ఇంకొకరిదయ్యే డిస్కు మీద పేరెందుకు రాస్తారు?

పెట్టె దించాం. తుమ్ములు తగ్గాక నేను ఒక్కో డిస్కూ కంప్యూటరులో పెట్టసాగాను. ఎవరివో పెళ్లిళ్లు తెర మీదికొచ్చాయి. ఊదారంగు సఫారీ సూట్లు, వరసగా నిలబెట్టిన స్టీలు బిందెలు, లైటు కళ్లలో పడి మొహం చిట్లించుకున్న పిల్లలు. ప్రతి దానికీ మహాదేవమ్మ ముందుకు వంగి, “మనది గాదు” అని వెనక్కి జరిగేది.

అప్పుడే దుర్గాప్రసాద్ సార్ వచ్చారు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో స్టోర్సు చూసి రిటైరయ్యారు. తణుకు వైపు మనిషి. రోజూ ఆ వేళకు పేపరు చదవడానికొస్తారు. పెట్టె చూడగానే పేపరు పక్కన పడేశారు.

“ఏమండీ వీరన్నగారూ, మీ మైనస్సులన్నీ ఇంకా బతికే ఉన్నాయా?”

“ఉన్నయి సార్. మీ ప్లస్సులెక్క నాజూకువి గావు.”

ఈ గొడవ నాకు తెలుసు. చాయ్ తాగినప్పుడల్లా వింటున్నదే. తుడిచి మళ్లీ రాసే డిస్కులు అప్పట్లో రెండు రకాలు వచ్చేవి. ఒకదాని పేరులో మైనస్ గుర్తు, ఇంకోదాంట్లో ప్లస్. కాక మైనస్ మనిషి. ఊళ్లలోని పాత ప్లేయర్లు ఎక్కువ భాగం దాన్నే ఆడించేవి. కానీ రాయడం అయ్యాక, డిస్కులు రాసే రికార్డరులో దాన్ని ఫైనలైజ్ చేసి ముగించాలి. కాక దాన్ని మూత వేయడం అంటాడు. వేయకపోతే వేరే ఏ ప్లేయరుకూ, కంప్యూటరుకూ అది ఖాళీగానే కనిపిస్తుంది. సార్ ప్లస్ మనిషి. ప్లస్‌కు మూత అక్కర్లేదు. మధ్యలో నచ్చని ముక్క ఒక్కటే తీసి దాని చోట ఇంకోటి పెట్టుకోవచ్చు. ఫ్యాక్టరీ ఫైళ్లు కూడా ఆయన వాటిలోనే దాచుకునేవారట.

ఒకసారి ఇద్దరూ పందెం వేసుకున్నారు. సార్ కూతురు సాయిలక్ష్మి పుట్టినరోజు వీడియోను ఒక మైనస్‌లో, ఒక ప్లస్‌లో ఎక్కించి, స్కూటరు మీద ఊరంతా తిరిగారు. హోటల్లో ప్లేయరు ప్లస్‌ను చూడనే చూడలేదు. కేబుల్ ఆఫీసులో మైనస్ కేకు కోసేదాకా ఆడి అక్కడ ఆగింది. అల్లం వ్యాపారి ఇంట్లో రెండూ ఆడాయి. మొగుడంపల్లిలో ఒకరింట్లో ప్లేయరు రెండింటినీ బయటికి నెట్టేసింది. ఎవరు గెలిచారో ఇప్పటికీ తేలలేదు. తర్వాత సార్ హైదరాబాదు నుంచి మూడో రకం కూడా తెచ్చారు. ర్యామ్ అనేవారట. ప్లాస్టిక్ డబ్బీలోనే ఉండేది. లక్షసార్లు తుడిచి రాయొచ్చని దుకాణమతను చెప్పాడట. “రాయొచ్చు సార్, ఏ ఇంట్ల వెడుతరు? డబ్బీతోని పడుతదా?” అని కాక నవ్వితే, సార్ దాన్ని మళ్లీ బయటికి తీయలేదు.

సార్ ఒకరోజు వేరే మాట కూడా చెప్పారు. సాయిలక్ష్మి డాన్సు నేర్చుకునే రోజుల్లో ఏ యేటి డాన్సు ఆ యేడు ఎక్కించేవారట, పాతదాని మీదే. “ముక్కలు మార్చుకోవచ్చు కదా అని బాగా చేసిందే ఉంచుకుంటూ వచ్చానండీ. తడబడి, మధ్యలో నన్ను చూసి నవ్వేసినవన్నీ పోయాయి” అన్నారు. ఆ రోజు చాయ్ డబ్బులు కాకే ఇచ్చాడు.

పెట్టె అడుగుకు వచ్చేశాం. ఒక డిస్కు పెట్టగానే, ఇది ఖాళీ డిస్కు, వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటావా అని కంప్యూటరు అడిగింది. ఫార్మాట్ అంటే తుడవడమే.

సార్ డిస్కు మీద గుర్తు ముందే చూశారు. “అది ప్లస్ అమ్మా. ప్లస్‌లో ఏమన్నా ఉంటే మూత లేకపోయినా కనపడుతుంది. కనపడలేదంటే ఏమీ లేనట్టే. ఫార్మాట్ కొట్టేయ్, కొత్త దానిలా పనికొస్తుంది.”

నా చెయ్యి మౌస్ మీద ఉంది. మహాదేవమ్మ నా చేతినే చూస్తోంది. నొక్కబుద్ధి కాలేదు. అదే చివరి డిస్కు.

“ఖాళీదైతె ఖాళీదే బిడ్డా, ఏంజేస్తం” అన్నాడు కాక. తర్వాత, “జర దియ్యి, ఒక్కసారి జూస్త” అని డిస్కు చేతిలోకి తీసుకున్నాడు.

సార్ కూడా కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని తలుపు వెలుతురుకు తిప్పారు. వెనకవైపు లోపలి వలయం ముదురుగా ఉంది, బయటి అంచు లేతగా. “వీరన్నగారూ, ఇందులో రాత ఉందండీ. తుడిచిన డిస్కు ఇలా ఉండదు. మరి ప్లస్సు అయ్యుండీ కనపడదేం?”

కాక డిస్కును తిప్పి గుర్తు వైపు చూశాడు. బొటనవేలు నాలుకకద్ది గట్టిగా రుద్దాడు. ప్లస్‌లోని నిలువు గీత ఎర్రగా వేలికంటింది. కింద అడ్డగీత ఒక్కటే మిగిలింది.

“అక్కా!” అన్నాడు కాక. “మైనస్సే!”

మహాదేవమ్మకు ఏమీ అర్థం కాలేదు. సార్‌కు మాత్రం ఒక్కసారిగా నవ్వొచ్చి స్టూలు పట్టుకున్నారు. “గీతలు! మీ గీతలు మర్చేపోయానండీ!”

సంగతేమిటంటే, మైనస్ గుర్తున్న డిస్కును పెళ్లింటికి తీసుకెళ్తే పెద్దవాళ్లు ఒప్పుకునేవారు కాదు. “లగ్గం మీద మైనస్సేంది? పిల్ల సంసారంల తక్కువలు రావాల్నా?” అని మొదటిసారి గడప దగ్గరే ఆపేశారట. అది మైనస్ కాదు, ఉత్త అడ్డగీత అని కాక ఎంత చెప్పినా వినలేదు. ప్లస్ తీసుకెళ్తే వాళ్ల ప్లేయరు ఆడించదు. అందుకని కాక స్కేలు పెట్టి, ఎర్ర మార్కరుతో ప్రతి మైనస్ మీదా నిలువు గీత గీశాడు. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ ఎవరూ ఏమీ అనలేదు. కొందరైతే బొట్టు కూడా పెట్టి తీసుకున్నారట.

“తుడుద్దామని మూత దీసి పెట్టి ఉంట. తుడిచేలోపట పెన్‌డ్రైవులొచ్చినయి” అన్నాడు కాక. “ఇది మీదో కాదో తెల్వదక్కా. కానీ ఏదో ఉన్నది.”

మూత లేని మైనస్‌ను ఆడించాలంటే అలాంటి రికార్డరే కావాలి. కాక రికార్డరులో ఎలుకలు గూడుపెట్టి చాలాకాలమైంది. మేం అందరం సార్ వైపు చూశాం.

“నా దగ్గరుంది. రెండు రకాలూ ఆడిస్తుంది” అన్నారు సార్. “మా ఆవిడ వెంకటలక్ష్మి దాని మీద తులసి కుండీ పెట్టింది. దించమంటే ఏమంటుందో!”

ఆటోలో ఫ్యాక్టరీ కాలనీ వైపు సార్ ఇంటికి వెళ్లాం. వెంకటలక్ష్మమ్మగారు ఏమీ అనలేదు కానీ, కుండీ దించుతూ, “ఇన్నాళ్లకు దీనికో పని దొరికిందన్నమాట. మీకే దొరకాలి ఇంక” అన్నారు సార్‌తో. మహాదేవమ్మ అక్కడే ఆమెతో కలిసిపోయింది.

రికార్డరు ట్రే సగం తెరుచుకుని ఆగింది. సార్ వేలితో లాగారు. డిస్కు పెట్టాక లోపల గరగరమని తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. కాక కూర్చోలేదు. టీవీ పక్కన నిలబడి, పూర్వం అరుగు మీద నిలబడినట్టే గోడకానుకున్నాడు.

బొమ్మ వచ్చింది. పందిరి, వరసగా విస్తర్లు.

“సుష్మది!” శ్రుతి అరిచింది. “అవ్వా, మన సుష్మ మేనత్త పెండ్లి!”

“ఎవరూ ఏం ముట్టకండి” అని సార్ మెల్లగా అన్నారు. “అమ్మాయ్, నీ ఫోనులో తెరంతా వచ్చేట్టు తీస్తూ ఉండు. ఇది ఇంకోసారి ఆడుతుందన్న గ్యారంటీ లేదు.”

నేను ఫోను పట్టుకున్నాను. బూందీ వచ్చింది. తర్వాత ఆడవాళ్లు గుంపుగా ముందుకొచ్చారు. మధ్యలో మహాదేవమ్మ, జుట్టు ఇంకా నల్లగా, చెయ్యి నడుం మీద. ఎదురుగా పట్టుచీరలో, పెద్ద సంచి ఒళ్లో పెట్టుకుని బీగిత్తి.

*బీగిత్తి వచ్చెనమ్మా బీదరు బండెక్కి,*
*బండి నిండ సంచాయె, సంచికి మూతాయె,*
*మూత దీసి జూడబోతె ఏనిదె యవ్వా?*

‘ఏనిదె’ అంటే ఏముంది అని. ఆ ప్రశ్నకు అందరూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా అక్కడే బొమ్మ చతురస్రాలుగా విరిగింది. గొంతు కరకరమని ఆగి, మహాదేవమ్మ నోరు మాత్రం కదిలింది. తర్వాత బొమ్మ కుదుటపడింది. ఆడవాళ్లంతా కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. పాటలో మిగతా మాటలు స్పష్టంగా వచ్చాయి. జవాబు చరణం ఒక్కటే లేదు.

సార్ వెనక్కి తిప్పారు. మళ్లీ అక్కడే విరిగింది. ఇంకోసారి తిప్పారు. అదే.

“ఆ ఒక్క మాటే ముఖ్యం సార్. మిగతదంత దాని మీదనే ఉంటది” అంది శ్రుతి.

మహాదేవమ్మ లేచి టీవీ దగ్గరికెళ్లి నేల మీద కూర్చుంది. “బీగిత్తి మొగం జూపియ్యి తమ్మీ” అంది కాకతో. “పాట గాదు. నేను అన్నంక ఆమె మొగం.”

బొమ్మ కుదుటపడిన చోట సార్ ఆపి ఉంచారు. బీగిత్తి మొహం తెర నిండా ఉంది. ఆమె సంచిని గబుక్కున వెనక్కి దాచుకుంటోంది. కాక కెమెరా ఆ చేతిదాకా వెళ్లి, అక్కడే ఆగింది.

మహాదేవమ్మ ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. పెదవులు కదిలాయి. ఉన్నట్టుండి తొడ మీద చరుచుకుంది.

“పోలెలు! సగం గొర్కిన పోలెలు! *సగము గొర్కిన పోలెలమ్మ, సంచడుగున బెల్లమమ్మ, నమ్మ బీగిత్తి బుద్ధి నోడ్రె యవ్వా!* అయ్యో, ఆమె సంచిల నిజంగ పోలెలే ఉండె. తోవల తినుకుంట వచ్చిందట! నాకేం తెల్సు? మా అవ్వ పాటల ఉన్నదని పాడితి. అందుకే గదా అంత అలిగింది!”

పోలెలంటే బొబ్బట్లు, ‘నమ్మ బీగిత్తి బుద్ధి నోడ్రె’ అంటే మన వియ్యపురాలి బుద్ధి చూడండని శ్రుతి చెప్పేసరికి, వంటింట్లోంచి గరిటెతో వచ్చిన వెంకటలక్ష్మమ్మగారు ఆపుకోలేక నవ్వారు. కాక నవ్వలేదు. ఆగిపోయిన ఆ బొమ్మనే చూస్తూ, “మంచిగనే పట్టిన” అన్నాడు తనలో తనే.

శ్రుతి పెళ్లి విందుకు నన్నూ, కాకనూ, సార్ వాళ్లనూ పిలిచారు. వీడియో తీసేది సచిన్ అనే అతను. పైన డ్రోను, చేతిలో ఊగని కెమెరా. కాక కెమెరా లేకుండా పెళ్లికి రావడం నేనెప్పుడూ చూడలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు జేబులో, కాసేపు వెనక పెట్టుకున్నాడు.

కొత్త బీగిత్తిని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె జహీరాబాద్‌లోనే టీచరు. పక్కన సుష్మ అత్తగారు, బీదర్ నుంచి వచ్చిన ఆమె, అందరికంటే ముందు చాప మీద సిద్ధంగా ఉంది. మహాదేవమ్మ చెయ్యి నడుం మీద పెట్టుకుని మొదలుపెట్టింది. గొంతు అప్పటిలా లేదు. పైకెళ్లే చోట జీర వచ్చింది. ‘ఏనిదె యవ్వా’ దగ్గర ఒక్క క్షణం ఆగేసరికి శ్రుతి చూపు నా మీద పడింది. మహాదేవమ్మ ఆగింది మరిచిపోయి కాదు. కొత్త బీగిత్తి పక్కనున్న తోలు సంచి వైపు వేలు చూపించడానికి ఆగింది. సగము గొర్కిన పోలెలమ్మ అనేసరికి అందరికంటే గట్టిగా సుష్మ అత్తగారే అందుకుంది.

టీచరమ్మ మొహం ఎర్రబడింది. పక్కనున్నవాళ్లు నవ్వాలా వద్దా అని చూసుకున్నారు. సచిన్ మర్యాదకు కాబోలు, కెమెరాను మెల్లగా దించి వడ్డన వైపు తిప్పబోయాడు.

“దించకు బిడ్డా” అన్నాడు కాక. అతని మోచేతిని కింది నుంచి పట్టుకుని, మళ్లీ పాట వైపు లేపాడు. “ఆమె మొగమ్మీదనే ఉంచు. అయిపొయ్యేదాంక.”

టీచరమ్మ తన సంచి మూత తీసి, తలకిందులు చేసి, ఖాళీగా ఉందని అందరికీ చూపించింది. మహాదేవమ్మ రెండో చరణం ఎత్తుకుంది.